శరీరంతో చదివే చరిత్ర: మధ్యయుగ క్రైస్తవ మఠజీవనంపై సంవాదం

మధ్యయుగ పశ్చిమ ఐరోపాలో క్రైస్తవ మఠాలు చాలావరకు ఒకే నియమావళి మీద నడిచాయి. దాన్ని రాసినవాడు ఇటలీకి చెందిన బెనెడిక్ట్ (సుమారు 480–547). మోంటే కసీనో కొండ మీద తాను స్థాపించిన మఠం కోసం 73 అధ్యాయాల్లో రాసిన ఆ పుస్తకంలో తత్త్వం కంటే దినచర్యే ఎక్కువ. రాత్రి ఎప్పుడు లేవాలి, ఏ కీర్తన తర్వాత ఏది పాడాలి, ఎంత రొట్టె తినాలి, ఏ బట్టతో పడుకోవాలి, ఎప్పుడు నోరు మెదపకూడదు అన్నవన్నీ అందులో ఉంటాయి. 910లో బర్గండీలో వెలసిన క్లూనీ మఠం, 1098లో సితోలో మొదలైన సిస్టర్షియన్ సంఘం ఆ నియమావళినే తమ తమ పద్ధతుల్లో పాటించాయి. 1084లో బ్రూనో మొదలుపెట్టిన కార్తూసియన్ సంఘం మాత్రం ఏకాంతానికి పెద్దపీట వేసి వేరే దారి పట్టింది.

ఆ జీవితాన్ని ఇవాళ తెలుసుకోవడానికి ఒక దారి దస్తావేజులు చదవడం. మరో దారి ఆ దినచర్యను కొంతైనా శరీరంతో ఆచరించి, నటించి చూడడం. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జస్టిన్ మెక్‌డేనియల్ అనే ఆచార్యుడు సన్యాసుల జీవితం గురించి చెప్పే తరగతిలో విద్యార్థులు మౌనం పాటిస్తారు, ఫోన్లు పక్కన పెడతారు. జర్మనీలోని మెస్‌కిర్ఖ్ దగ్గర ‘కాంపుస్ గల్లి’ అనే చోట 2013 నుంచి 9వ శతాబ్దపు పనిముట్లతోనే ఒక మఠాన్ని కడుతున్నారు. దానికి ఆధారం సెయింట్ గాల్ మఠ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న 9వ శతాబ్దపు తోలు పటం.

కడప జిల్లాలో ఈ చర్చకు తగిన నేల ఉంది. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలం సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించడంతో సురభి నాటక సంప్రదాయం పుట్టింది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో 10వ శతాబ్దపు జైన క్షేత్రం శిథిలాలు ఉన్నాయి. ప్రొద్దుటూరు వీధుల్లో ఏటా కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. ఇక్కడి క్రైస్తవంలో మాత్రం మఠాల జ్ఞాపకం తక్కువ. 1822లో కడపలో పని మొదలుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ ప్రొటెస్టెంటు సంస్థ. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషను కట్టినదే. ఐరోపాలో ప్రొటెస్టెంటులు మఠవ్యవస్థను 16వ శతాబ్దంలోనే వదిలేశారు.

ఈ సంవాదంలో వాదులు ఇద్దరు. ఒకరు ప్రొద్దుటూరులో చరిత్ర బోధించి రిటైరైన అధ్యాపకుడు. దస్తావేజు లేనిది చరిత్ర కాదన్నది ఆయన పక్షం. రెండోవాడు పులివెందుల వైపు పద్యనాటకాలు ఆడించే దర్శకుడు. చేసి చూడనిది అర్థం కాదన్నది అతని పక్షం.

నియమావళి ఎవరి కోసం రాసింది

దర్శకుడు: సార్, బెనెడిక్ట్ పుస్తకాన్ని మీరు చదివే గ్రంథంగా చూస్తున్నారు. నాకది ప్రదర్శన ప్రతిలాగా కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు రావాలి, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వంగాలి, ఆలస్యంగా వచ్చినవాడు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ రాసిపెట్టాడు. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి అందరూ కలిసి పాడాలి. 150 కీర్తనలూ వారంలో ఒక చుట్టు పూర్తికావాలి. ప్రతిని చదివి మూసేస్తే నాటకం చూసినట్టవుతుందా?

అధ్యాపకుడు: కాదు తమ్ముడూ. కానీ ప్రతి ఉంది కదా అని ఎవరు పడితే వాళ్ళు ఆడితే పాత నాటకమే వస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఆ ప్రతి ఎవరి కోసం రాశారో ముందు చూడు. అది చదివినవాళ్ళకు దేవుడి తీర్పు, నరకం, మోక్షం పగటి వెలుగంత నిజం. నీ నటులకు అది ఒక సన్నివేశం.

దర్శకుడు: నమ్మకం సంగతి తర్వాత మాట్లాడదాం సార్, ముందు కాళ్ళ సంగతి చూడండి. పాతకాలపు చర్చిల్లో గాయకులు నిలబడే వరసల్లో మడత కుర్చీలు ఉంటాయి. కుర్చీ పైకి మడిస్తే దాని అడుగున ఒక చిన్న చెక్క అంచు బయటపడుతుంది. నిలబడినట్టే కనిపిస్తూ దాని మీద నడుము ఆనించుకోవచ్చు. ఆ అంచుల కింద వడ్రంగులు జంతువులను, రైతులను, కొట్లాడుకునే మొగుడూ పెళ్ళాలను కూడా చెక్కారు. చెక్కడపు పని గురించి కళాచరిత్రకారులు చాలా రాశారు. రెండు గంటలు నిలబడి పాడి చూసినవాడికి ముందుగా తట్టే ప్రశ్న వేరు. ఆ అంచు ఎవరికి ఎప్పుడు అవసరమైంది? ముసలివాళ్ళకా, అందరికీనా? దాన్ని ఒప్పుకోవడానికి మఠం ఎంతకాలం తటపటాయించింది?

అధ్యాపకుడు: మంచి ప్రశ్నలే. అయితే వాటికి జవాబు నీ కాళ్ళు చెప్పవు. మఠాల ఆచారాల పుస్తకాలు, మరమ్మతు లెక్కలు, బిషప్పులు తనిఖీకి వచ్చి రాసిన నివేదికలు చెప్తాయి.

ఇంతవరకు వాదులు ఇద్దరూ ఒక తేడాను గుర్తించారు. ఆచరణ ప్రశ్న పుట్టిస్తుంది, దస్తావేజు జవాబిస్తుంది. దర్శకుడు మాత్రం ఇంతటితో ఆగలేదు. కొన్ని చోట్ల జవాబు కూడా ఆచరణే ఇస్తుందని అతని వాదన.

మౌనం, సైగలు

బెనెడిక్ట్ నియమావళి ప్రకారం భోజనశాలలో ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్ళు నిశ్శబ్దంగా తినాలి. ఏదైనా కావాలంటే నోటితో అడగకుండా సైగతో, చప్పుడుతో తెలపాలి. వారానికొకరు చొప్పున పాఠకులు మారతారు. ఉపవాసంతో చదవడం కష్టం కాబట్టి పాఠకుడికి మొదలుపెట్టేముందు కాస్త ద్రాక్షారసం ఇవ్వాలని కూడా 38వ అధ్యాయంలో ఉంది. క్లూనీలో ఈ సైగలు పెద్ద వ్యవస్థగా పెరిగాయి. 11వ శతాబ్దపు పట్టికల్లో వందకు పైగా సైగలు ఉన్నాయి. రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు కలిపి గుండ్రంగా చేస్తే రొట్టె. నీళ్ళలో తోక ఆడినట్టు చెయ్యి ఆడిస్తే చేప. చంటిబిడ్డ చీకినట్టు చిటికెన వేలు పెదవులకు ఆనిస్తే పాలు. పుట తిప్పినట్టు చెయ్యి కదిపితే పుస్తకం. అది క్రైస్తవేతరుడు రాసిన పుస్తకమైతే, ఆ సైగ తర్వాత కుక్క గోక్కున్నట్టు వేలితో చెవి గోక్కోవాలి.

దర్శకుడు: ఈ పట్టిక చదివితే నవ్వొస్తుంది, అంతే. పదిమందిని బల్ల దగ్గర కూర్చోబెట్టి ఈ సైగలతో ఒక పూట అన్నం తినిపించండి. రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, చేతిలో ముద్ద ఉంటే రెండు చేతుల సైగ కుదరదు. రొట్టె అడగాలంటే తినడం ఆపాలి. రెండోది, సైగ చెయ్యాలంటే ఎదుటివాడు నీ వైపు చూడాలి. చూపు కిందకు దించుకుని తినాలన్న నియమమూ, సైగల నియమమూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఈ చిక్కు పట్టికలో కనపడదు.

అధ్యాపకుడు: ఆ చిక్కు నిజంగా వాళ్ళకూ ఉండేదనడానికి ఆధారం? వాళ్ళు చిన్నప్పటి నుంచి ఆ సైగల్లో పెరిగినవాళ్ళు. నీ నటులు ఆ పూటే నేర్చుకున్నవాళ్ళు. కొత్తవాడి తడబాటును పాతవాడి అనుభవంగా రాసేస్తే తప్పవుతుంది.

దర్శకుడు: ఒప్పుకుంటాను. అయితే మఠంలోనూ కొత్తవాళ్ళు ఉండేవాళ్ళు కదా సార్. ఏడాది పాటు శిక్షణలో ఉన్న నవశిష్యుడి తడబాటు అచ్చం ఇలాగే ఉండి ఉంటుంది. నా నటుడు ముప్ఫై ఏళ్ళ సన్యాసిలాగా కాలేడు. మొదటి నెల శిష్యుడికి దగ్గరగా రాగలడు. ఆ మేరకే ఫలితం వాడుకుందాం.

అధ్యాపకుడు: ఆ షరతుతో అయితే సరే. ప్రయోగం ఎవరిని అనుకరిస్తున్నదో ముందే చెప్పాలి. సైగలు అతిగా వాడి మాటలకన్నా ఎక్కువ గోల చేస్తున్నారని ఆ కాలంలోనే విమర్శలు వచ్చాయి. నీ భోజనం బల్ల దగ్గర అలాంటిదేమైనా జరిగితే, ఆ విమర్శతో పోల్చి చూడు.

ఊపిరి, పాట

దర్శకుడు: పాట విషయంలో మీరు ఇంతకన్నా ఎక్కువ ఒప్పుకోవాల్సి ఉంటుంది. కీర్తనలో ఒక్కో పాదం రెండు భాగాలు. రెండు వరసలవాళ్ళు ఎదురెదురుగా నిలబడి పాదం విడిచి పాదం పాడతారు. పాదం మధ్యలో ఒక ఆపు ఉంటుంది. నలభైమంది ఒక్కసారిగా ఆగి, ఒక్కసారిగా ఎత్తుకోవాలి. ఎవడి ఊపిరి వాడిది అయితే కుదరదు, పక్కవాడి ఊపిరి వినాలి. మా పద్యనాటకంలో దీనికి తలకిందులు. పద్యం ఎత్తుకున్నవాడు ఎంతసేపు రాగం తీస్తే అంత ఘనత, హార్మోనియం అతని వెంట నడవాలి. ఆ అలవాటున్న నటుణ్ణి కీర్తనల వరసలో నిలబెడితే, గొంతు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బందే వినయమంటే ఏమిటో చెబుతుంది. నియమావళిలో వినయం మీద రాసిన 7వ అధ్యాయం చదివితే అంత బాగా తెలియదు.

అధ్యాపకుడు: ఇక్కడ నీ పక్షం బలంగా ఉంది. సంగీతం విషయంలో శరీరాన్నే పుస్తకంగా వాడారు కూడా. 11వ శతాబ్దంలో గీదో అనే ఇటలీ సన్యాసి స్వరాలు నేర్పడానికి కొత్త పద్ధతులు కనిపెట్టాడు. అతని పేరుతోనే ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో ఎడమ చేతి వేళ్ళ కణుపుల మీద స్వరాలు గుర్తుపెట్టుకుంటారు. మన గాయకులు వేళ్ళ మీద తాళం లెక్కపెట్టినట్టే. శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో చాలాకాలం ఉన్నారు, ఆయన నాట్యమూ నేర్చినవారు. ఆ కావ్యం నడక అడుగులు వేసిన కాళ్ళకు తెలిసినంతగా కళ్ళకు తెలియదు. కాబట్టి లయ, ఊపిరి, భంగిమ వీటి విషయంలో ఆచరణను ఆధారంగానే ఒప్పుకుంటాను. లయ దాటి లోపలికి పోకూడదు.

రాత్రి ఎంత పొడవు

నియమావళిలో గంటలు ఇప్పటి గడియారపు గంటలు కావు. పగటిని 12 భాగాలు, రాత్రిని 12 భాగాలు చేసేవాళ్ళు. కాబట్టి కాలాన్ని బట్టి గంట పొడవు మారేది. చలికాలంలో రాత్రి ఎనిమిదో గంటకు, అంటే సగం రాత్రి దాటి కాస్త నిద్రపోయాక లేవాలి. వేసవిలో రాత్రులు చిన్నవి కాబట్టి రాత్రి ప్రార్థనలో పాఠాలు తగ్గించాలని 10వ అధ్యాయం చెబుతుంది. భోజనమూ అంతే. వేసవిలో మధ్యాహ్నం, సాయంత్రం రెండు పూటలా, చలికాలంలో మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఒక్కపూట, ఈస్టరుకు ముందు నలభై ఉపవాస దినాల్లో సాయంత్రం వెలుతురు ఉండగానే ఒక్కపూట.

అధ్యాపకుడు: తమ్ముడూ, ఇక్కడ నీ ప్రయోగానికి భూగోళమే అడ్డం. ప్రొద్దుటూరులో రాత్రి ఏడాది పొడవునా సుమారు 11 గంటలకూ 13 గంటలకూ మధ్యే ఉంటుంది. మోంటే కసీనోలో జూన్‌లో 9 గంటలు, డిసెంబరులో 15 గంటలు. ఇంకా ఉత్తరాన ఉన్న సెయింట్ గాల్‌లో తేడా ఇంకా ఎక్కువ. పదిహేను గంటల చీకటి, మంచు, మంట వేసుకోవడానికి మఠం మొత్తానికి ఒకే వెచ్చని గది. ఈ నియమాలన్నీ ఆ చీకటిని పంచుకోవడానికి పుట్టినవి. మే నెలలో పెన్న ఇసుక మీద ఈ దినచర్య ఆడితే చలికి పుట్టిన నియమాన్ని ఎండలో ఆడినట్టవుతుంది.

దర్శకుడు: చలి తెప్పించలేను సార్. అయితే మీరు ఇప్పుడు చెప్పిన లెక్క ఎందుకు చెప్పాల్సి వచ్చింది? ఈ దినచర్యను ఇక్కడ పెట్టి చూద్దామన్నందుకే కదా. అక్కడే ఉండి చదివేవాడికి రాత్రి పొడవు పట్టించుకోవాల్సిన సంగతిగా తోచదు. ఇక్కడ పెట్టగానే ఏ నియమం చలిది, ఏది కీర్తనలది, ఏది పొలం పనిది అని విడదీయాల్సి వస్తుంది. అదీ ఒక ఫలితమే. కాంపుస్ గల్లిలోనూ ఇలాగే జరిగింది. పటంలో ఉన్నది పెద్ద రాతి చర్చి. కట్టడం మొదలుపెట్టాక అది పూర్తయ్యేలోపు ప్రార్థనకు చోటు కావాలి కదా అని ముందు ఒక చిన్న చెక్క చర్చి కట్టారు. పటంలో లేని దశ పనిలో బయటపడింది.

దీక్షకు గడువు ఉంటుంది, ప్రతిజ్ఞకు ఉండదు

అధ్యాపకుడు: అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. అయ్యప్ప మాల వేసుకున్నవాడిని చూడు. చన్నీళ్ళ స్నానం, కటిక నేల పడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, కాళ్ళకు చెప్పులుండవు, ఎదురైనవాణ్ణి స్వామీ అనే పిలవాలి. గురుస్వామి మాటకు ఎదురు చెప్పకూడదు. మఠజీవనానికి మన ఊళ్ళో ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. కానీ అది 41 రోజులు. మాల విరమణ తేదీ ముందే తెలుసు. కష్టమంతా ఆ తేదీ వైపు నడుస్తుంది. బెనెడిక్ట్ శిష్యుడు చేసే ప్రతిజ్ఞల్లో మొదటిది ఆ మఠంలోనే చచ్చేదాకా ఉండిపోవడం. అతని పాత బట్టలు మఠం బీరువాలో దాచిపెడతారు. ఎప్పుడైనా వెళ్ళిపోతే మఠం బట్టలు విప్పించి అవే ఇచ్చి పంపాలని. ఆ బట్టలు అక్కడ ఉన్నాయని తెలిసి ఏళ్ళ తరబడి బతకడం ఏ ప్రయోగంలోనూ రాదు. నీ నటుడికి తేదీ తెలుసు, నీ విద్యార్థికి సెమిస్టరు తెలుసు.

దర్శకుడు: దానికి నేను ఎదురు చెప్పలేను. గడువు ఉన్నదాంతో గడువు లేనిది తెలియదు. అయితే తెలియకపోవడం ఎంతుందో కొలవడానికి గడువున్నదే పనికొస్తుంది. నలభైరోజులు నేల మీద పడుకున్న కన్నెస్వామి మాల తీసేటప్పుడు, ఇది తీయకూడదని చెప్పి ఉంటే ఏమయ్యేదని ఒక్క క్షణమైనా అనుకుంటాడు. పుస్తకం చదివినవాడికి ఆ ప్రశ్న మాటగా వస్తుంది, మాల తీసేవాడికి ఒంటికి తగిలి వస్తుంది.

అధ్యాపకుడు: పిల్లల సంగతి ఏం చేస్తావు? 59వ అధ్యాయం కొడుకులను మఠానికి సమర్పించే తల్లిదండ్రుల గురించి. ఆ పిల్లవాడు ప్రతిజ్ఞ చెయ్యలేదు, అతని తరఫున ఇంకొకరు చేశారు. ప్రయోగంలో పాల్గొనేవాళ్ళందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే. ఇష్టం లేనివాడి మఠం ఎట్లా ఉంటుందో ఏ శిబిరమూ చూపించదు.

దర్శకుడు: అది శిబిరంతో కాదు, నాటకంతో చేయాల్సిన పని. సురభి కుటుంబాల్లో పిల్లలకు రంగస్థలం ఎంచుకున్నది కాదు, పుట్టిన చోటు. వాళ్ళు పెద్దయ్యాక చెప్పే మాటలు వింటే ఎంపిక లేని క్రమశిక్షణలో ప్రేమ, విసుగు రెండూ ఎట్లా కలిసి ఉంటాయో కొంత తెలుస్తుంది.

ఇక్కడ అధ్యాపకుడు మరో ఉదాహరణ తెచ్చాడు. కార్తూసియన్ల పెద్ద మఠంలో చిత్రం తీయడానికి జర్మనీ దర్శకుడు ఫిలిప్ గ్రోనింగ్ 1984లో అనుమతి అడిగాడు. దాదాపు 16 ఏళ్ళ తర్వాత సరేనన్నారు. 2005లో వచ్చిన ఆ చిత్రంలో వ్యాఖ్యానం లేదు, దీపాలు పెట్టి తీసింది కాదు. చిత్రం మఠజీవితాన్ని ఎంత చూపించిందో, మఠంవాళ్ళకు కాలమంటే ఏమిటో ఆ పదహారేళ్ళ జవాబూ అంత చూపించిందని అధ్యాపకుడి మాట.

దానవులపాడు పాఠం

క్లూనీ మఠం స్థాపించిన దశాబ్దం అటూఇటూగానే రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు పాలించాడు. నిత్యవర్ష అనే బిరుదుతో అతడు దానవులపాడులో తీర్థంకరుడి అభిషేకానికి పీఠం చేయించాడు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలో పూడిపోయిన ఈ జైనక్షేత్రాన్ని 20వ శతాబ్ది మొదట్లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. ఇక్కడి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. శిథిలాల్లో నిషిధి రాళ్ళు ఉన్నాయి. సన్యసనం తీసుకుని, ఆహారం మానేసి, దేహం చాలించిన జైనుల స్మారకాలు అవి. ఆ వ్రతాన్ని సల్లేఖనం అంటారు.

దర్శకుడు: సార్, మఠజీవనం శరీరంతో చేసిన పని అనడానికి ఈ రాళ్ళకన్నా సాక్ష్యం ఏం కావాలి? దిగంబర ముని చేతులే పాత్రగా నిలబడి తింటాడు. జుట్టు చేత్తో పీక్కుంటాడు. చివరికి శరీరం విడవడం కూడా శరీరంతోనే చేస్తాడు. అదే శతాబ్దంలో క్లూనీ సన్యాసి కూడా సంకల్పం శరీరం మీదే రాసుకున్నాడు. ఒకరు పెన్న ఒడ్డున, ఒకరు బర్గండీలో.

అధ్యాపకుడు: ఇదే రాళ్ళు నీ పక్షానికి హద్దు కూడా గీస్తాయి. సల్లేఖనాన్ని ఆడి చూడగలవా? కొంత ఆడితే అది సల్లేఖనం కాదు, పూర్తిగా ఆడితే ఆడినవాడు మిగలడు. శరీరంతో తెలుసుకోవచ్చన్న వాదం మఠజీవనపు అసలు కొస దగ్గర ఆగిపోతుంది. రెండో సంగతి, ఇద్దరూ నిగ్రహించుకున్నారు కదా అని ఇద్దరిదీ ఒకటే అనుకోకు. జైనమునికి శరీరం కర్మ అంటిన బరువు. క్లూనీ సన్యాసికి అది తీర్పు నాడు తిరిగి లేవాల్సిన శరీరం. చేసిన పని ఒకలా కనిపించినా, ఎందుకు చేశారన్నది గ్రంథమే చెప్పాలి.

వేషమా, జీవితమా

1606లో మదురై చేరిన రోబెర్తో దె నోబిలి అనే జెస్యూట్ గురువు కావి కట్టి, మాంసం మాని, రోజుకొక పూట తిని సన్యాసిలా బతికాడు. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు, చిక్కబళ్ళాపురం, అనంతపురం ప్రాంతపు కృష్ణాపురం వంటి చోట్ల ఆ పద్ధతిలోనే తెలుగు నేల మీద తిరిగారు. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ ఈ ఆచారాల్లో చాలావాటిని నిషేధించాడు.

అధ్యాపకుడు: నీ పద్ధతి ఇదివరకే మన సీమలో జరిగింది. విదేశీయుడు ఇంకొకరి సన్యాసాన్ని ఒంటి మీద వేసుకున్నాడు. అతనికి సన్యాసం తెలిసిందా? మతం చెప్పడానికి దారి దొరికింది. వేషం తెలియజేస్తుందన్న భరోసా లేదు, అది పనిముట్టు కూడా కావచ్చు.

దర్శకుడు: వేషం అన్నంత మాత్రాన అబద్ధం కాదు సార్. ఏళ్ళ తరబడి ఒక్కపూట తిన్నవాడి కడుపుకు నటన తెలియదు. జెస్యూట్ల శిక్షణే అట్లాంటిది. వాళ్ళ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ రాసిన సాధనల పుస్తకంలో ధ్యానించే చోటును కళ్ళతో, చెవులతో, ముక్కుతో, నాలుకతో, చేతితో ఊహించాలని ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే మధ్యయుగ మఠంలోనే నాటకం ఉంది. సుమారు 973లో ఇంగ్లండ్ మఠాల కోసం వించెస్టర్‌లో రాసిన ఆచారాల పుస్తకం ఈస్టరు తెల్లవారుజామున ఏం చెయ్యాలో చెబుతుంది. ఒక సన్యాసి తెల్లని బట్టలో, ఎవరికీ తెలియనట్టు వచ్చి సమాధి దగ్గర తాటిమట్ట పట్టుకుని కూర్చోవాలి. మరో ముగ్గురు ధూపాలు పట్టుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు అడుగులు వేస్తూ రావాలి. వాళ్ళు సమాధి దగ్గరకు వచ్చిన స్త్రీలు. చివరికి ఖాళీ గుడ్డ ఎత్తి అందరికీ చూపాలి. వెతుక్కుంటున్నట్టు నడవమని చెప్పినవాడు దర్శకుడు కాక మరెవరు?

అధ్యాపకుడు: ఆ ముగ్గురు సన్యాసులకు ఆ సమాధి ఖాళీ అని నమ్మకం.

దర్శకుడు: నిజమే. అయినా నమ్మినవాడికి కూడా ఎట్లా నడవాలో చెప్పాల్సి వచ్చిందంటే, నమ్మకం ఒక్కటే చాలదని వాళ్ళకే తెలుసన్నమాట. ఇంకో నాటకం చూడండి. జర్మనీలో హిల్డెగార్డ్ (1098–1179) తన మఠంలోని కన్యల కోసం రాసిన ‘ఓర్దో విర్తూతుమ్’. సుగుణాలన్నీ పాడతాయి. సైతానుకు మాత్రం పాట లేదు, అరుపు మాటలే. మా పద్యనాటకాల్లో రావణుడికీ దుర్యోధనుడికీ బ్రహ్మాండమైన పద్యాలు ఉంటాయి, జనం వన్స్‌మోర్ అనేది వాళ్ళకే. ఆ అలవాటున్న నటుడికి సైతాను పాత్ర ఇస్తే రాగం లేకుండా ఎట్లా నిలబడాలని అడుగుతాడు. పాడలేకపోవడమే నరకం అన్నది హిల్డెగార్డ్ భావమని ఆ ప్రశ్నతోనే తెలుస్తుంది.

ఈ భాగంలో అధ్యాపకుడు ఒక మెట్టు దిగాడు. మధ్యయుగ మఠంలో నటన, ఆచారం వేరువేరు గదుల్లో లేవు కాబట్టి నటన ద్వారా ఆచారాన్ని పరిశీలించడం ఆ కాలానికి పరాయి పద్ధతి కాదని ఒప్పుకున్నాడు. స్త్రీల మఠాల విషయంలో ఒక హెచ్చరిక చేర్చాడు. 1298లో పోపు 8వ బోనిఫేస్ సన్యాసినులు మఠం గడప దాటకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. మఠజీవనం అని ఒకే అనుభవం లేదు, ఏ శరీరం ఆడుతున్నదో, ఏ శరీరానికి ఏ నియమమో విడిగా చూడాలి.

ఎవరు దున్నారు

అధ్యాపకుడు: చివరి అభ్యంతరం. శిబిరంలో మౌనం, పాట, ఉపవాసం అన్నీ వస్తాయి. రొట్టె ఎక్కడి నుంచి వచ్చిందో రాదు. మఠం పెద్ద భూస్వామి. రైతులు శిస్తు కట్టారు, వెట్టి చేశారు. సిస్టర్షియన్లు పొలం పనికి చదువురాని సోదరులను వేరే వర్గంగా పెట్టుకున్నారు. వాళ్ళకు ప్రార్థనలు తక్కువ, పని ఎక్కువ, పాటల వరసలో చోటు లేదు. 1536 నుంచి 1540 దాకా ఇంగ్లండ్‌లో 8వ హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు ఆస్తుల జాబితాలు కట్టారు. ఆ జాబితాలు చదవకుండా కీర్తనలు మాత్రం ఆడితే మఠం పుణ్యలోకంలా కనిపిస్తుంది. మన కడప దగ్గరి పుష్పగిరి గుళ్ళలో శాసనాలు చూసినా భూమి, దానం లెక్కలే ముందు కనిపిస్తాయి.

దర్శకుడు: అట్లయితే ఆ సోదరుల వేషం కూడా కడదాం. ఒకే రోజు, ఒకే మఠం, రెండు బృందాలు. ఒకటి ఎనిమిదిసార్లు పాడుతుంది, రెండోది పొద్దంతా కలుపు తీస్తుంది. సాయంత్రం ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుదాం: ఈ మఠం ఎవరిది?

అధ్యాపకుడు: ఆ ప్రశ్న పక్కనే శిస్తు రిజిస్టరు కూడా పెట్టు. అప్పుడు నేనూ వచ్చి కూర్చుంటాను.

తేలిన పద్ధతి

వాదులు ఇద్దరూ చివరికి ఒక పని పద్ధతి మీద కుదిరారు. ముందు ఒక చిన్న ఆచారాన్ని, ఉదాహరణకు ఒక భోజనాన్నో ఒక రాత్రి ప్రార్థననో, దాని మూలగ్రంథంతో సహా తీసుకోవాలి. ఆడేవాళ్ళు ఎవరిని అనుకరిస్తున్నారో, శిష్యుణ్ణా, ముసలి సన్యాసినా, పొలం సోదరుణ్ణా, ముందే రాసిపెట్టాలి. ఇక్కడి ఎండ, రాత్రి పొడవు, తిండి, నమ్మకం అక్కడివాటితో ఎక్కడ కలవవో జాబితా కట్టాలి. ఆచరించాక పుట్టిన ప్రశ్నలను మాత్రమే ఫలితంగా తీసుకోవాలి. వాటికి జవాబులు మఠాల లెక్కలు, తనిఖీ నివేదికలు, కట్టడాలలో వెతకాలి. భంగిమ, ఊపిరి, లయ, సైగల వంటి వాటిలో మాత్రం ఆచరణ ఫలితాన్ని నేరుగా సాక్ష్యంగా వాడవచ్చు.

తేలనివి రెండు మిగిలాయి. చచ్చేదాకా ఉండిపోతానన్న ప్రతిజ్ఞను గడువున్న ఏ ప్రదర్శనా అందుకోలేదన్న మాట మీద అధ్యాపకుడు కదలలేదు, దర్శకుడు దాన్ని కాదనలేదు. ప్రదర్శన లేని చరిత్ర పాఠంలో విద్యార్థి ఆ ప్రతిజ్ఞ బరువు గురించి కనీసం అడగను కూడా అడగడన్న మాట మీద దర్శకుడు కదలలేదు. అధ్యాపకుడు దానికి జవాబు చెప్పలేదు. భోజనం బల్ల దగ్గర క్లూనీ సైగల ప్రయోగం ముందుగా చేయాలని, మఠం శిస్తు లెక్కలు అదే గదిలో చదవాలని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.